ఎక్కడ నిలబడి తీశారు? సొంత చోటు – పలు దృక్కోణాలు: ఒక పరిశీలన

ఈ కోర్సులో మీరు సమర్పించవలసిన చిత్రమాలికకు ఇచ్చిన అంశం చదవగానే తేలిక అనిపిస్తుంది. మీకు వ్యక్తిగతంగా ముఖ్యమైన ఒక చోటును ఎంచుకోవాలి. దాన్ని వేర్వేరు దృక్కోణాల నుంచి పన్నెండు ఛాయాచిత్రాలుగా తీయాలి. ఖరీదైన కెమెరా అక్కరలేదు, చేతిలో ఉన్న ఫోను చాలు. కాబట్టి చాలామంది ఒక ఆదివారం పూట పని ముగిస్తారు. ఇంటికి ఎదురుగా నిలబడి ఒకటి, కుడివైపు నుంచి ఒకటి, ఎడమవైపు నుంచి ఒకటి, ఎదురింటి డాబా ఎక్కి ఒకటి, నేల మీద బోర్లా పడుకుని ఒకటి. లెక్క సరిపోతుంది. దిద్దేవారికి మాత్రం పన్నెండో ఫొటో దగ్గరకు వచ్చేసరికి కూడా మొదటి ఫొటోలో తెలిసినదానికంటే ఎక్కువేమీ తెలియదు.

ముప్ఫై ఏళ్ళకు పైగా ఇటువంటి చిత్రమాలికలు చూసినవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. లోపం మీ ఫోనులో లేదు, మీ శ్రమలోనూ లేదు. 'కోణం' అనే మాటను మనం రేఖాగణితంలో నేర్చుకున్న అర్థంలోనే వాడుతున్నాం. వస్తువు మధ్యలో ఉంటుంది, మనం దాని చుట్టూ తిరుగుతాం, నాలుగడుగులు జరిగిన ప్రతిసారీ కొత్త కోణం దొరికిందనుకుంటాం. కానీ మాటల్లో 'ఆమె కోణం నుంచి కూడా ఆలోచించు' అన్నప్పుడు మనం డిగ్రీలు లెక్కపెట్టం. ఆమె వయసు, ఆమె అవసరం, ఆమె పడ్డ కష్టం లెక్కలోకి తెచ్చుకుంటాం. చిత్రమాలికకు కావలసింది ఈ రెండో కోణం. అయితే కెమెరాకు ఆలోచనలు తెలియవు. దానికి తెలిసింది మనం నిలబడిన చోటు, ఎత్తు, దూరం, వేళ మాత్రమే. రెండో కోణాన్ని మొదటి కోణం ద్వారానే చూపించాలి. ఇది ఎలా సాధ్యపడుతుందో, ఎక్కడ తప్పిపోతుందో ఇద్దరు ఛాయాగ్రాహకుల పని ఆధారంగా పరిశీలిద్దాం. ఒకరు అమెరికా వారు, ఒకరు చెక్ దేశస్థులు. తరువాత మన ఊళ్ళకు వద్దాం.

సొంత చోటుతో వచ్చే చిక్కు

మీ తాతగారు రోజూ సాయంత్రం కూర్చున్న అరుగును మీరు ఫొటో తీశారనుకోండి. మీకు అందులో తాతగారు కనిపిస్తారు, ఆయన చుట్ట వాసన కూడా తగులుతుంది. కెమెరాకు కనిపించేది పెచ్చులూడిన సిమెంటు అరుగు. ఫొటో చూసే పరాయివారికి కనిపించేదీ అంతే. మన జ్ఞాపకం ఫొటోలోకి దానంతటది ఎక్కదు. ఎక్కిందని మనకు మాత్రమే అనిపిస్తుంది. అందుకే ఒకే విద్యార్థి తీసినవాటిలో కూడా సొంత ఇంటి ఫొటోల కంటే ముక్కూ మొహం తెలియని ఊరి బస్టాండులో తీసినవి తరచు మెరుగ్గా ఉంటాయి. తెలియని చోట కళ్ళు పనిచేస్తాయి. తెలిసిన చోట ఆ పని జ్ఞాపకం తీసేసుకుంటుంది.

ఈ చిక్కు ఫొటోగ్రఫీకి ముందునుంచీ ఉన్నదే. జపాను చిత్రకారుడు హోకుసాయ్ 1830ల తొలి సంవత్సరాల్లో ఫుజి పర్వతం మీద చెక్క అచ్చులతో ముద్రించిన చిత్రమాలికను వెలువరించాడు. పేరులో ముప్ఫై ఆరు దృశ్యాలనే ఉన్నా, తరువాత పది కలిపి మొత్తం 46 అయ్యాయి. ఎగసిపడే పెద్ద అల బొమ్మను మీరు ఫోను కవర్ల మీదా, టీ షర్టుల మీదా చూసే ఉంటారు. అది ఈ మాలికలోదే. అందులో ఫుజి ఎక్కడుందో వెతకండి. అల అడుగున చిన్న తెల్లటి కొసలా ఉంటుంది. ఇంకో బొమ్మలో ఒక పనివాడు అడుగు బిగించని పెద్ద పీపా లోపల వంగి చెక్క చిత్రిక పడుతుంటాడు. ఆ పీపా గుండ్రంలోంచి ఎక్కడో దూరాన గోరంత త్రిభుజంగా ఫుజి కనిపిస్తుంది. కొండ ఎంత గొప్పదో చెప్పడానికి చిత్రకారుడు కొండ దగ్గరకు వెళ్ళలేదు. దాన్ని చూస్తూ బతికే వాళ్ళ పనుల మధ్యకు వెళ్ళాడు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుని ముందుకు వెళదాం.

ఏటా తిరిగి వెళ్ళిన మనిషి

విలియం క్రిస్టెన్‌బెరీ 1936లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, టస్కలూసా పట్టణంలో పుట్టారు. పక్కనే ఉన్న హేల్ కౌంటీ ఆయన తాతముత్తాతల వ్యవసాయ ప్రాంతం. చిన్నప్పటి వేసవులు అక్కడే గడిచాయి. ఆయన పుట్టిన ఏడాది వేసవిలోనే రచయిత జేమ్స్ ఏజీ, ఛాయాగ్రాహకుడు వాకర్ ఎవాన్స్ అదే హేల్ కౌంటీకి వచ్చి మూడు కౌలురైతు కుటుంబాల జీవితాన్ని నమోదు చేశారు. ఆ పుస్తకం 1941లో వచ్చి పెద్దగా ఎవరి కంటా పడలేదు. 1960లో మళ్ళీ అచ్చయినప్పుడు యువ చిత్రకారుడిగా ఉన్న క్రిస్టెన్‌బెరీ చేతికి వచ్చింది. తన సొంత ఊరి దారులను పరాయి మనిషి ఫొటోల్లో చూడడం ఎలాంటి అనుభవమో ఊహించండి.

అప్పటికి ఆయన దగ్గర ఉన్నది పిల్లలకు కొనిచ్చే కొడాక్ బ్రౌనీ కెమెరా. చిత్రలేఖనానికి ఆధారంగా ఉంటాయని దానితో రంగుల ఫొటోలు తీసి, మందుల దుకాణంలో ప్రింటు వేయించుకునేవారు. అరచేతిలో పట్టే చిన్న ప్రింట్లు అవి. ఆ రోజుల్లో రంగుల ఫొటోను కళగా ఎవరూ లెక్కపెట్టలేదు. 1961లో న్యూయార్క్ వెళ్ళినప్పుడు ఎవాన్స్‌ను కలుసుకున్నారు. ఆ చిన్న ఫొటోలను తేలికగా తీసుకోవద్దని చెప్పింది ఎవాన్సే. 1968 నుంచి క్రిస్టెన్‌బెరీ వాషింగ్టన్‌లో అధ్యాపకుడిగా స్థిరపడ్డారు. అయినా ఏటా హేల్ కౌంటీకి వెళ్ళి, అవే కట్టడాల ముందు నిలబడి, మళ్ళీ ఫొటో తీసేవారు. ఇలా నలభై ఏళ్ళకు పైగా సాగింది.

ఆయన పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది హవానా జంక్షన్ అనే కూడలిలోని ఒక చెక్క కట్టడం. ఒకప్పుడు ఆయన బంధువు నడిపిన కిరాణా దుకాణం అది. తరువాత అక్కడ చేతిరేఖలు చూసి జాతకం చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళూ వెళ్ళిపోయాక, అరచేయి బొమ్మ వేసిన వాళ్ళ బోర్డును ఎవరో పగిలిన కిటికీకి అడ్డం పెట్టారు. వాన లోపలికి కొట్టకుండా పెట్టింది కాబట్టి బొమ్మ తలకిందులుగా ఉన్నా పట్టించుకోలేదు. ఆ కట్టడాన్ని ఆయన 1961 నుంచి తీస్తూ వచ్చారు. ఏళ్ళు గడిచేకొద్దీ చెక్కలు నల్లబడ్డాయి, చెట్టు కట్టడాన్ని కమ్ముకుంది, గోడలు ఒరిగాయి. 1988 నాటి ఫొటోలో కట్టడం లేదు. అది ఉండిన స్థలం ఉంది. ఆయన దాన్నీ అంతే శ్రద్ధగా తీశారు.

ఈ ఫొటోలను విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ అద్భుతం అనిపించదు. పరీక్షలో ఒక్క ఫొటోకే మార్కులు వేయమంటే నేను కూడా తటపటాయిస్తాను. కోణంలో పెద్ద మార్పు ఉండదు. చాలావరకు దారి పక్కన నిలబడి ఎదురుగా తీసినవే. మారింది కాలం. ఒక చోటుకు నాలుగు వైపులే ఉంటాయి గాని, నలభై సంవత్సరాలుంటే నలభై ముఖాలుంటాయి. న్యూబెర్న్ అనే ఊళ్ళోని పచ్చ గోదామును కూడా ఆయన ఇలాగే 1970ల నుంచి తీస్తూ పోయారు. ఒకే కట్టడం, ఒకే రంగు. కానీ వరసగా పెట్టి చూస్తే ఏ రెండు ఫొటోల్లోనూ ఆ పచ్చదనం ఒకటిగా ఉండదు. కెమెరాను కదపకపోవడం వల్లనే ఆ మార్పు పట్టుబడింది. చుట్టూ తిరిగి ఉంటే, మారింది గోదామో తీసినవాడి ఉత్సాహమో మనకు తెలిసేది కాదు.

1977లో మరో ఛాయాగ్రాహకుడు లీ ఫ్రీడ్‌లాండర్ సలహాతో ఆయన పెద్ద నెగెటివ్ కెమెరా కూడా చేపట్టారు. ఆ ఫొటోల్లో ప్రతి మేకూ కనిపిస్తుంది. అయినా బ్రౌనీ ఫొటోలకే నా మొగ్గు. వాటి మసకదనంలో ఊరికి సెలవుల్లో వచ్చి పోయే మనిషి చూపు ఉంది. ఆ మనిషికి అన్ని వివరాలూ తెలియవు, తెలుసునని నటించడు కూడా. ఆయన అక్కడితో ఆగలేదు. ఆ కట్టడాల నమూనాలను చేతితో చేసి, అలబామా నుంచి తెచ్చిన ఎర్రమట్టి మీద నిలబెట్టారు. ఫొటోలో ఒకే వైపు కనిపించే ఇంటికి మిగతా మూడు వైపులూ జ్ఞాపకంతో కట్టడం అది. పలు కోణాలు అనే మాటకు ఇంతకంటే నిజాయితీ గల జవాబు నేను చూడలేదు.

ఇక విమర్శ. ఈ ఫొటోల్లో మనుషులు దాదాపు కనిపించరు. హేల్ కౌంటీ నల్లజాతి ప్రజలు అత్యధికంగా ఉన్న ప్రాంతం. పత్తి చేలలో తరతరాలుగా చెమటోడ్చింది వాళ్ళే. ఆయన ఫొటోలు తీయడం మొదలుపెట్టిన 1960లలో అలబామా పౌరహక్కుల పోరాటంతో అట్టుడికిపోతోంది. ఆ అలజడిలో ఒక్క అల కూడా ఈ ప్రశాంతమైన గోడలను తాకినట్టు కనిపించదు. దారి పక్కన ఆగి, ఎవరూ లేని ఇంటిని తీసి, కారెక్కి వెళ్ళిపోయే వెసులుబాటు ఎవరికి ఉంటుందన్న ప్రశ్న ఇక్కడ అడగక తప్పదు.

ఆయనకు ఈ సంగతి తెలియకపోలేదు. 1960లో టస్కలూసా కోర్టు భవనంలో జరుగుతున్న కు క్లక్స్ క్లాన్ సభను చూడబోయి, ముసుగు రంధ్రాల్లోంచి తనవైపు తిరిగిన కళ్ళను చూసి భయపడి వెనక్కి వచ్చేశారు. తరువాత కొన్ని దశాబ్దాలపాటు ఆ ముసుగు మనుషుల బొమ్మలతో, గీసిన చిత్రాలతో ఒక గదినే నిర్మించారు. 1979లో అందులోనివి దొంగలు ఎత్తుకుపోతే మళ్ళీ మొదటి నుంచి తయారుచేశారు. అంటే తన చోటులోని ప్రేమనూ ద్వేషాన్నీ రెండింటినీ ఆయన చూశారు. కానీ ఒకటి దారి పక్క ఎండలో ఉంది, రెండోది తలుపు వేసిన గదిలో ఉంది. రెండూ ఒకే ఫ్రేములోకి రాలేదు. కొందరు విమర్శకులు దీన్ని కళాకారుడి సంయమనం అంటారు. నేను లోటు అంటాను. గొప్ప పనిలో ఉన్న లోటు కాబట్టే ఇంత వివరంగా చెప్పవలసి వచ్చింది.

కిటికీ విడిచి వెళ్ళని మనిషి

రెండో ఉదాహరణ దీనికి దాదాపు వ్యతిరేకం. యోసెఫ్ సుదెక్ 1896లో బొహీమియాలోని కొలీన్‌లో పుట్టారు. పుస్తకాల బైండింగు నేర్చుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇటలీ సరిహద్దులో కుడిచేయి పోగొట్టుకున్నారు. ఒక్క చేతితో బైండింగు చేయలేరు కాబట్టి ఫొటోగ్రఫీని వృత్తిగా ఎంచుకున్నారు. 1927లో ప్రాగ్ నగరంలో, ఒక పెరటి తోటలో ఉన్న చెక్క స్టూడియోలోకి మారారు. 1939లో జర్మన్ సైన్యం ఆ నగరాన్ని ఆక్రమించుకున్నాక వీధుల్లో కెమెరా పట్టుకుని తిరగడం కష్టమైంది. 1940 నుంచి 1954 వరకు ఆయన తన స్టూడియో కిటికీని పదే పదే ఫొటో తీశారు.

కిటికీ అవతల ఏముంది? వంకర తిరిగిన ఒక చెట్టు, చిన్న తోట, వెనుక గోడలు. అంతే. ఊరు మారదు, గది మారదు, మనిషి కదలడు. మరి కోణం ఎక్కడ మారింది? గాజులో మారింది. ఒక ఫొటోలో గాజు మీద ఆవిరి పట్టి, నీటి చారల వెనుక చెట్టు కరిగిపోతున్నట్టు ఉంటుంది. ఇంకొకదానిలో మంచు గడ్డకట్టి చెట్టు దాదాపు కనిపించదు. మరొకదానిలో గాజు శుభ్రంగా ఉండి, కిటికీ గట్టు మీద గ్లాసు, అందులో ఒక పువ్వు. చూపు ఒకసారి గాజు దగ్గర ఆగుతుంది, ఒకసారి గాజును దాటి వెళుతుంది, ఒకసారి గట్టు మీదే ఉండిపోతుంది. యుద్ధకాలంలో నాలుగు గోడల మధ్య ఉన్న మనిషికి బయటి లోకం ఎంత అందుబాటులో ఉందో, ఎంత దూరమైపోయిందో ఈ ఫొటోల్లో ఒక్క సైనికుడు కూడా లేకుండానే తెలుస్తుంది.

మరో విషయం గమనించండి. 1940 నుంచి ఆయన చాలావరకు నెగెటివ్‌ను నేరుగా కాగితం మీద పరిచి, అదే పరిమాణంలో ప్రింటు తీయడానికే కట్టుబడ్డారు. పెద్దది చేయరు. చూసేవాడు దగ్గరకు రావలసిందే. అంటే ఫొటో తీసినవాడు నిలబడే దూరంతో పాటు, చూసేవాడు నిలబడే దూరాన్ని కూడా ఆయన నిర్ణయించారు. మీ చిత్రమాలికలో ఫొటోలను పోస్టరంత ప్రింటు వేయించాలని తొందరపడేవారు దీన్ని కాస్త ఆలోచించాలి. సుదెక్ ఇంటికే పరిమితమైన మనిషి కూడా కాదు. 1959లో వెలువడిన ఆయన ప్రాగ్ పానరమ పుస్తకం కోసం, పాతకాలపు వెడల్పాటి కెమెరాను ఒంటి చేత్తో మోసుకుని నగరమంతా తిరిగారు. కిటికీ దగ్గర ఆగిపోవడం ఆయన చేతగానితనం కాదని చెప్పడానికి ఈ ఒక్క ఆధారం చాలు.

ఇద్దరిలో ఎవరు మేలు అని అడిగితే, మీ పనికి సుదెక్ మేలంటాను. క్రిస్టెన్‌బెరీ పద్ధతికి నలభై ఏళ్ళు కావాలి, మీకు ఉన్నది ఒక సెమిస్టరు. ఇది సగం హాస్యమే. అసలు కారణం వేరు. తాను ఎక్కడ నిలబడి చూస్తున్నాడో సుదెక్ దాచలేదు. ప్రతి ఫొటోలోనూ కిటికీ చట్రం ఉంది, గాజు ఉంది. నేను లోపల ఉన్నాను, అది బయట ఉంది అని ప్రతిసారీ చెబుతూనే ఉన్నారు. క్రిస్టెన్‌బెరీ ఫొటోలో ఆయన నిలబడిన దారి మనకు కనిపించదు.

నిలబడే చోటు అందరికీ ఒకటేనా?

మన దగ్గరకు వద్దాం. 'మా ఊరు' అనే పేరుతో వచ్చే చిత్రమాలికల్లో ఎక్కువ భాగం ఊరి నడివీధి నుంచి తీసినవి. రచ్చబండ, రామాలయం, పెద్దింటి మండువా, చెరువు కట్ట. ఈ మధ్య డ్రోను కూడా చేరింది. డ్రోను ఫొటోలో పచ్చటి పొలాల మధ్య ఊరు ముద్దుగా ఉంటుంది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళెవరూ దాన్ని ఏనాడూ అలా చూడలేదు. అది సర్వే పటానికి పనికొస్తుంది. ఊరికీ వాడకూ మధ్య ఉన్న ఎడం అంత ఎత్తు నుంచి నాలుగు అంగుళాల ఖాళీలా కనిపిస్తుంది.

కొన్నేళ్ళ కిందట ఒక విద్యార్థి తన ఊరి గుడి మీద చిత్రమాలిక సమర్పించాడు. పన్నెండు ఫొటోల్లో ఏడింటిలో గుడి ఉంది. ఏ ఒక్కదానిలోనూ అతను గుడికి ఇరవై గజాల కంటే దగ్గరగా వెళ్ళలేదు. జూమ్ చేసి దగ్గరకు లాక్కోనూ లేదు. గోపురం ఎప్పుడూ దేనికో వెనుక ఉంటుంది. ఒకదానిలో రావి చెట్టు మాను అడ్డం, ఒకదానిలో ఆగి ఉన్న ట్రాక్టరు, ఒకదానిలో ప్రహరీ. మౌఖిక పరీక్షలో ఎందుకు దగ్గరకు వెళ్ళలేదని అడిగాను. "మా తాత నిలబడి దండం పెట్టుకున్న చోటు అదే సార్. నేను కావాలంటే లోపలికి వెళ్ళగలను. ఫొటోలు మాత్రం అక్కడి నుంచే తీశాను" అన్నాడు.

ఈ మాట వినకముందే ఆ ఫొటోల్లో ఏదో ఉందని తెలుస్తోంది. ఏడు ఫొటోల్లో ఒకే దూరం పాటించడం యాదృచ్ఛికం కాదని ఎవరికైనా అనిపిస్తుంది. అన్నీ బాగున్నాయని చెప్పను. సాయంత్రపు నీడలో తీసిన రెండింటిని నలుపు తెలుపులోకి మార్చి, అనవసరంగా విషాదం అద్దాడు. మిగిలిన అయిదింటిలో కొన్ని తాతగారి ఇంటి సామానుల ఫొటోలు, అవి వేరే మాలికకు చెందవలసినవి. కానీ ట్రాక్టరు ఫొటో నాకు ఇప్పటికీ గుర్తుంది. ట్రాక్టరు టైరు పెద్దది, గోపురం చిన్నది. దూరం అనేది కొలత కాదు, ఒకరు పెట్టిన నియమం అని మాటలు లేకుండా చెప్పింది. క్రిస్టెన్‌బెరీ రెండు గదుల్లో విడివిడిగా పెట్టినదాన్ని ఈ కుర్రాడు ఒకే ఫ్రేములోకి తెచ్చాడు. పోలిక పెద్దదని తెలిసే చేస్తున్నాను.

మరో రకం దూరం మన ఇళ్ళలోనే ఉంది. మీ ఇంట్లో అమ్మ వీధిని ఎక్కడి నుంచి చూస్తుంది? చాలా ఇళ్ళలో వంటగది కిటికీలోంచి, వసారా చివరి నుంచి, లేదా సగం తెరిచిన తలుపు వెనుక నుంచి. అబ్బాయిలు వీధిలో నిలబడి ఇంటిని తీస్తారు. అమ్మాయిలు తీసిన వాటిలో ఇంట్లోంచి కనిపించే వీధి ఎక్కువగా ఉండడం నేను గమనించాను. ఏది మంచిదన్నది ప్రశ్న కాదు. ఎవరు ఎక్కడ నిలబడగలరో ఫొటోలోనే నమోదవుతోంది.

నీళ్ళలో ఉన్న చోట్లు

కొందరికి తమ చోటు దగ్గరకు వెళ్ళడమే సాధ్యం కాదు. ఆనకట్టల కింద మునిగిన ఊళ్ళ పిల్లలు మీలోనూ ఉంటారు. శ్రీశైలం జలాశయంలో ఉన్న సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలోనే ఉండి, నీటిమట్టం తగ్గినప్పుడు బయటపడుతుంది. అక్కడికి వెళ్ళిన ఫొటోగ్రాఫర్లలో చాలామంది గుడి పూర్తిగా తేలిన రోజు కోసం ఎదురుచూస్తారు. శిఖరం ఒక్కటే కనిపించే రోజు, గోడ మీద నీటి గీత ఇంకా తడిగా ఉన్న రోజు కూడా ఫొటో తీయదగినవే. నిజానికి అవే ఆ చోటుకు ప్రత్యేకమైన కోణాలు. పూర్తిగా బయటపడ్డ గుడి ఎక్కడైనా ఉంటుంది.

అదే జలాశయం కింద మునగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురానికి తరలించి మళ్ళీ కట్టారు. శిల్పాలు అవే, రాళ్ళు అవే. గుడి దక్కింది, సంతోషించవలసిన విషయమే. దక్కనిది ఒకటుంది. నదులు కలిసే చోట నిలబడి ఆ గుడిని చూసే అవకాశం. మీరు ఇప్పుడు దాని చుట్టూ ఎన్ని కోణాల నుంచి తీసినా ఆ ఒక్క కోణం దొరకదు.

మునిగిన ఊరి నుంచి పునరావాస కాలనీకి మారిన ఒక కుటుంబం అమ్మాయి తీసిన ఫొటో ఒకటి ఈ సందర్భంలో చెప్పాలి. పాత ఇంటి టేకు ద్వారబంధాన్ని ఊడదీసి తెచ్చి, కాలనీలోని సిమెంటు ఇంటికి బిగించుకున్నారు. ఎత్తు చాలక పైన ఇటుకలు తొలిచారు. ఆమె ద్వారబంధాన్ని ఎదురుగా నిలబడి తీయలేదు. ఇంట్లో నేల మీద కూర్చుని, గడప మీదుగా బయటికి తీసింది. పసుపు రాసిన పాత గడప, దాని అవతల తిన్నటి రోడ్డు, రోడ్డుకు అటూ ఇటూ ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళు. ఊరు ఫొటోలో లేదు. ఊరి నుంచి చూస్తున్నట్టే ఉంది.

మీ చిత్రమాలికకు

చోటును ఎంచుకున్నాక మొదటి రోజు ఫొటోలు తీయకండి. ఆ చోటుతో సంబంధం ఉన్న మరో ఇద్దరిని, వీలైతే మీకంటే పెద్దవారిని ఒకరిని, చిన్నవారిని ఒకరిని, అక్కడికి తీసుకువెళ్ళి ఏం మాట్లాడకుండా గమనించండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ కూర్చున్నారు, ఎటు చూడకుండా తల తిప్పుకున్నారు. మీ కెమెరా పెట్టవలసిన చోట్లు అవే. చిన్నప్పటి చోటు అయితే చిన్నప్పటి ఎత్తుకు, అంటే మూడడుగులకు, దిగి చూడండి. కింది నుంచి తీస్తే గంభీరంగా ఉంటుందని చేసే విన్యాసం వేరు, ఇది వేరు. తేడా ఫొటోలో తెలిసిపోతుంది.

పన్నెండింటినీ ఒకే రోజున తీసిన మాలికను నేనైతే తిప్పి పంపేవాణ్ణి. కనీసం నాలుగుసార్లు వెళ్ళండి. వాటిలో ఒకసారి మీకు వెళ్ళబుద్ధి కాని వేళలో వెళ్ళండి. మట్ట మధ్యాహ్నం కావచ్చు, కరెంటు పోయిన రాత్రి కావచ్చు. ఒక కోణాన్నైనా మార్చకుండా నాలుగుసార్లూ అక్కడి నుంచే తీయండి. మిగతావి మీ ఇష్టం. డ్రోను ఫొటో పెట్టదలిస్తే, ఆ ఎత్తు నుంచి ఆ చోటును చూసేవారు ఎవరో పక్కన ఒక వాక్యం రాయండి. రాయలేకపోతే తీసేయండి.

చివరగా, ఫొటో కింద రాసే మాటల గురించి. క్రిస్టెన్‌బెరీ తన ఫొటోలకు కట్టడం పేరు, ఊరు, సంవత్సరం మాత్రమే పెట్టేవారు. మీరు వాటికి ఇంకొకటి చేర్చండి: మీరు నిలబడిన చోటు. 'చెరువు కట్ట, తూము పక్క నుంచి, ఉదయం ఆరున్నర' అని రాస్తే సరిపోతుంది. 'నా బంగారు బాల్యం', 'మరపురాని మధుర స్మృతి' వంటివి రాసిన కాగితాలు దిద్దేవారి బల్ల మీద ఇప్పటికే చాలా ఉన్నాయి.